ముగ్గురాయి ఫ్లోటేషన్: కలెక్టరు డోసు పెంచే ముందు రాయి పైపొర సంగతి చూడండి

మంగంపేట ముగ్గురాయిలో మేలురకం నేరుగా పల్వరైజింగ్ మిల్లుకు వెళ్తుంది. గ్రావిటీ (నీటికన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే సంఖ్య) 4.2 దాటిన రాయికి పొడి కొట్టడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు. చిక్కంతా కింది గ్రేడు రాయితోనే. అందులోనూ బెరైట్ (ముగ్గురాయి ఖనిజం పేరు) దండిగానే ఉంటుంది, కానీ క్వార్ట్జ్, నల్లని కార్బన్ మట్టి, పైరైట్ (ఇనుము సల్ఫైడ్) దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ సరుకును ఎంత మెత్తగా నూరినా గ్రావిటీ పెరగదు. ఖనిజాన్ని వేరు చేయాల్సిందే. అందుకు బాగా పనికొచ్చే దారుల్లో ఒకటి ఫ్లోటేషన్, మన ఇంటర్ పుస్తకాల్లో ప్లవన ప్రక్రియ అని చదువుకున్నదే.

ఫ్లోటేషన్‌లో బరువుకు పెద్దగా విలువ లేదు. గ్రావిటీ 4.5 ఉన్న బెరైట్ పైకి తేలుతుంది, 2.65 ఉన్న క్వార్ట్జ్ అడుగున ఉండిపోతుంది. రేణువు పైపొర నీటిని దగ్గరకు తీస్తుందా, తోసేస్తుందా అన్నదే తేడా. నీటిని తోసేసే రేణువు గాలిబుడగను పట్టుకుని నురగలోకి వస్తుంది. ఆ పైపొర ఒకటి రెండు అణువుల మందమే. దాని మీద మట్టి పూత పడినా, తుప్పు పడినా, నీటిలోని కాల్షియం అంటినా లెక్క తారుమారవుతుంది.

అందుకే రికవరీ (రాయిలోని బెరైట్‌లో చేతికొచ్చిన శాతం) తగ్గగానే కలెక్టరు (రేణువుకు అంటి నీటిని తోసేసేలా చేసే రసాయనం) డోసు పెంచే అలవాటు నాకు నచ్చదు. మురికి గోడకు రంగు ఎన్ని కోట్లు వేసినా నిలవదు. ముందు నీళ్లు, తర్వాత నూరడం, తర్వాత కడగడం. ఈ మూడూ కుదిరాక కలెక్టరు చాలా తక్కువ పడుతుంది. తిరుపతిలో చదువుకునే జియాలజీ, కెమిస్ట్రీ విద్యార్థులనూ, కోడూరు వైపు చిన్న మిల్లులు నడిపేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని, 500 గ్రాముల శాంపిల్‌తో ల్యాబ్‌లో చేసుకునే పద్ధతి రాస్తున్నాను. 2 లీటర్ల ఫ్లోటేషన్ సెల్లు (గాలి వదులుతూ కలిపే తొట్టి), చిన్న మిల్లు, 75 మైక్రాన్ల జల్లెడ, పీహెచ్ మీటరు, మంచి త్రాసు ఉంటే మొదలుపెట్టొచ్చు.

రాయిలో ఏముందో ముందు తెలియాలి

మంగంపేట బెరైట్ పుల్లంపేట శిలల్లో నల్లని కార్బన్ టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి) మధ్య పొరలుగా దొరుకుతుంది. కొంత గరుకు రేణువుల రాయి, కొంత గుండ్రటి గుళికలు నిండిన లాపిల్లి రాయి. రెండూ ఒకేలా నలగవు, ఒకేలా తేలవు. శాంపిల్ తెచ్చేటప్పుడు రెండూ కలిపేయకండి, విడి సంచుల్లో పెట్టి పేరు రాసుకోండి.

భూతద్దంతో చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. ఇత్తడి మెరుపు కనిపిస్తే పైరైట్. వేలికి మసి అంటితే కార్బన్ మట్టి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగితే కాల్సైట్ ఉన్నట్టు, డోలమైట్ అయితే పొడి చేసి వేస్తేనే పొంగుతుంది. ఈ మూడు పరీక్షల ఫలితమే తర్వాత ఏ కలెక్టరు వాడాలో చెబుతుంది, కాబట్టి బద్ధకించొద్దు.

తర్వాత గ్రావిటీ. పిక్నోమీటరు (కొలత పక్కాగా ఉన్న చిన్న సీసా) చాలు. రాయిలో బెరైట్, క్వార్ట్జ్ రెండే ఉన్నాయనుకుంటే గ్రావిటీ నుంచే బెరైట్ శాతం లెక్క కట్టొచ్చు. 0.3774 నుంచి 1 బై గ్రావిటీ తీసేసి, వచ్చినదాన్ని 0.1551తో భాగించి, 100తో గుణించండి. గ్రావిటీ 3.6 అయితే సుమారు 64 శాతం బెరైట్. 4.1 అయితే 86. 4.2 కావాలంటే దాదాపు 90 శాతం ఉండాలి. ఖరీదైన అనాలిసిస్ లేకుండా రోజువారీ పనికి ఇది భేషుగ్గా సరిపోతుంది. ఒక్కటే మెలిక, పైరైట్ గ్రావిటీ 5. రాయిలో అది ఎక్కువగా ఉంటే లెక్క మీకు లేని బెరైట్‌ను చూపిస్తుంది. పైరైట్ తీసేశాక వేసిన లెక్కనే నమ్మండి.

నీళ్లు

తిరుపతి, చిత్తూరు బోరునీళ్ల సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటుంది, బకెట్ చుట్టూ గీత పడుతుంది, సబ్బు ఓ పట్టాన నురగ రాదు. బెరైట్‌కు ఎక్కువగా వాడే కలెక్టరు సోడియం ఓలియేట్, అంటే అదీ సబ్బే. బాత్రూంలో సబ్బుకు పట్టే గతే సెల్లులో ఓలియేట్‌కూ పడుతుంది. కాల్షియంతో కలిసి తెల్లని జిడ్డుగా విరిగిపోతుంది, ఖనిజం దాకా చేరదు.

ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. నీటి కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. అంటే లీటరుకు 3 మిల్లీమోల్స్, 2 లీటర్ల సెల్లులో 6. ఒక్కో కాల్షియం అయాను రెండు ఓలియేట్లను పట్టుకుంటుంది. 12 మిల్లీమోల్స్ ఓలియేట్ బరువు దాదాపు 3.6 గ్రాములు. టన్నుకు 500 గ్రాముల చొప్పున మన 500 గ్రాముల శాంపిల్‌కు వేసే డోసు పావు గ్రాము మాత్రమే! మీరు వేసినదానికి పద్నాలుగు రెట్లు మింగే శక్తి నీళ్లకే ఉంది. ఇంక డోసు పెంచి ఏం లాభం?

ఇంతటితో అయిపోలేదు. అదే కాల్షియం పీహెచ్ ఎక్కువైన చోట క్వార్ట్జ్ పైపొరకు అంటుకుని, మామూలుగా ఓలియేట్‌ను దగ్గరకు రానివ్వని క్వార్ట్జ్‌ను కూడా తేలేలా చేస్తుంది. అంటే కావాల్సింది తేలదు, అక్కర్లేనిది తేలుతుంది. పీహెచ్ పెంచడానికి సున్నం వాడొద్దని చెప్పేది ఇందుకే. సల్ఫైడు ఖనిజాల ప్లాంటులో పనిచేసి వచ్చినవాళ్ల చెయ్యి అలవాటుగా సున్నం డబ్బా మీదికే పోతుంది. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు.

మొదటి పరీక్షలు డిస్టిల్డ్ వాటర్‌తో గానీ ఆర్వో నీళ్లతో గానీ చేయండి. రాయి ఎలా ప్రవర్తిస్తుందో నీళ్ల గొడవ లేకుండా తెలుస్తుంది. తర్వాత అదే పరీక్ష బోరునీళ్లతో చేయండి. రెండింటి మధ్య తేడా ఎంతో అది మీ నీళ్ల వల్ల జరిగే నష్టం. ప్లాంటుకు ఆర్వో పెట్టలేం కాబట్టి, బోరునీళ్లలో సోడా యాష్ వేసి, బాగా కలిపి, ఓ రాత్రి వదిలేసి, పై తేట వాడుకోవచ్చు. పైన చెప్పిన 3 మిల్లీమోల్స్ కాల్షియంకు లీటరుకు 0.32 గ్రాముల సోడా యాష్ లెక్క వస్తుంది. మెగ్నీషియం దీనికి అంత సులువుగా లొంగదు. తేటను సబ్బుతో ఓసారి పరీక్షించి చూసుకోండి.

నూరడం

బెరైట్ మెత్తని రాయి, క్వార్ట్జ్ గట్టిది. రెంటినీ కలిపి ఎక్కువసేపు నూరితే బెరైట్ బురదైపోతుంది, క్వార్ట్జ్ అలాగే ఉంటుంది. అందుకని కొద్దికొద్దిగా నూరండి. 500 గ్రాముల రాయికి 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కొన్ని నిమిషాలు తిప్పండి. 75 మైక్రాన్ల జల్లెడలో తడిగా జల్లించి, పైన మిగిలింది మాత్రమే మళ్లీ మిల్లులో వేయండి.

చమురు బావుల డ్రిల్లింగ్‌కు అమ్మాలనుకునేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) 13ఎ ప్రమాణంలో 75 మైక్రాన్లకు పైబడినది 3 శాతం మించకూడదు, 6 మైక్రాన్లకు లోపలిది 30 శాతం మించకూడదు. బురద చేసుకుంటే ఫ్లోటేషన్‌లోనూ నష్టమే, అమ్మకంలోనూ నష్టమే.

మిల్లు ఇనుముదైతే పైపొరకు ఇంకో ముప్పు. ఇనుము అరిగి నీటిలో హైడ్రాక్సైడుగా మారి రేణువులకు పూతలా అంటుతుంది. ఆ ఇనుము అయాన్లకు కూడా క్వార్ట్జ్‌ను ఓలియేట్‌తో తేలేలా చేసే గుణముంది. పింగాణీ జాడీ, గులకరాళ్లు దొరికితే అవి వాడండి. లేదంటే స్టెయిన్‌లెస్ రాడ్లు. అదీ లేకపోతే నూరిన వెంటనే తర్వాతి మెట్టు చేసేయండి, రాత్రంతా మిల్లులో నానబెట్టొద్దు.

రుద్ది కడగడం, బురద తీయడం

నా లెక్కన ఈ పనంతటిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. నూరిన సరుకులో కార్బన్ మట్టి, బంకమట్టి సన్నగా విడిపోయి బెరైట్ రేణువుల మీద పొరలా కప్పుకుంటాయి. ఆ పొర ఉన్నంతసేపూ కలెక్టరు మట్టికే అంటుకుంటుంది. పైగా సన్నని రేణువులకు ఉపరితలం ఎక్కువ కాబట్టి రసాయనాలన్నీ అవే తాగేస్తాయి.

నూరిన సరుకును పైనీళ్లు వంచేసి చిక్కగా చేయండి. ఘనపదార్థం 65 నుంచి 70 శాతం ఉండాలి, అంటే దోసెపిండి కన్నా గట్టిగా. అందులో టన్నుకు అర కిలో లెక్కన సోడియం సిలికేట్ వేయండి. 500 గ్రాములకు ఇది పావు గ్రాము, 5 శాతం ద్రావణమైతే 5 మిల్లీలీటర్లు. గట్టి ప్రొపెల్లర్‌తో 10 నుంచి 15 నిమిషాలు తిప్పండి. పలచగా ఉంటే రేణువులు ఒకదాన్నొకటి తప్పించుకుని తిరుగుతాయి. చిక్కగా ఉంటేనే ఒకదానికొకటి రాసుకుని పైపొర ఊడుతుంది. సిలికేట్ ఆ ఊడిన మట్టిని మళ్లీ అంటుకోనివ్వదు.

తర్వాత దాన్నంతా పెద్ద బీకరులోకి మార్చి, మెత్తబరచిన నీళ్లతో నింపి, బాగా కలిపి వదలండి. ఎంతసేపు వదలాలో స్టోక్స్ సూత్రం చెబుతుంది. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 10 మైక్రాన్ల బెరైట్ రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. కాబట్టి సరిగ్గా 7 నిమిషాలు ఆగి, పై 10 సెంటీమీటర్ల నీళ్లను సన్నని పైపుతో సైఫన్ చేసి తీసేయండి. అదే 7 నిమిషాల్లో క్వార్ట్జ్ అయితే 14, 15 మైక్రాన్ల లోపుది ఇంకా పైనే తేలుతుంటుంది. బెరైట్ 10 మైక్రాన్ల దాకా కిందికి దిగింది, క్వార్ట్జ్ మాత్రం ఇంకాస్త పెద్దది కూడా బయటికి పోయింది. రసాయనం చుక్క వేయకుండానే కొంత వేరుపడిందన్నమాట. చలికాలం పొద్దున్నే నీళ్లు 20 డిగ్రీలుంటే 7 కాదు, దాదాపు 9 నిమిషాలు ఆగాలి.

సైఫన్ నీళ్ల రంగు చూస్తూ ఉండండి. మొదటిసారి సిరాలా నల్లగా వస్తుంది, రెండోసారి బూడిదరంగు, మూడోసారికి చేతిలో పోసుకుంటే అరచేతి గీతలు కనిపించేంత తేటగా వస్తుంది. అక్కడ ఆపేయండి. తీసిన బురదను పారబోయొద్దు. ఆరబెట్టి తూకం వేసి గ్రావిటీ తీయండి. మొత్తం బెరైట్‌లో పదో వంతు కన్నా ఎక్కువ ఇందులోకే పోయిందంటే మీరు ఎక్కువ నూరారని అర్థం. వెనక్కి వెళ్లి మిల్లు సమయం తగ్గించండి.

నల్ల నురగ, పసుపు నురగ

కార్బన్‌కు నీళ్లు సహజంగానే పడవు. కలెక్టరు లేకుండానే తేలుతుంది. దాన్ని ముందే పంపించేయకపోతే చివర్లో బెరైట్‌తో పాటు పైకొచ్చి కాన్సంట్రేట్‌ను (తేల్చి తీసిన సరుకును) నల్లబరుస్తుంది.

కడిగిన సరుకును సెల్లులో వేసి, పీహెచ్ ఏమీ మార్చకుండా, రెండు చుక్కల కిరోసిన్ వేసి రెండు నిమిషాలు కలపండి. నురగ రప్పించే ఫ్రాథర్‌గా ఒక చుక్క పైన్ ఆయిల్ గానీ ఎంఐబీసీ గానీ వేసి గాలి వదలండి. నల్లని, నూనెలా మెరిసే నురగ వస్తుంది. నురగ తెల్లబడే దాకా, రెండు మూడు నిమిషాలు, గీకి తీసేయండి.

పైరైట్ కనిపించిన రాయైతే ఇప్పుడే దాని పనీ చూడండి. 1 శాతం క్సాంథేట్ (సల్ఫైడు ఖనిజాలకు వాడే కలెక్టరు) ద్రావణం 2.5 మిల్లీలీటర్లు, అంటే టన్నుకు 50 గ్రాములు. రెండు నిమిషాలు కలిపి మళ్లీ నురగ తీయండి. పైరైట్ గాలికి తుప్పు పట్టి ఉంటే సరిగ్గా తేలదు. ఇందాకటి రుద్దుడు దీనికి కూడా పనికొస్తుంది, తుప్పు పొర చాలావరకు అక్కడే ఊడుతుంది. క్సాంథేట్ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఆమ్లం తగలనివ్వొద్దు, విరిగి కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది. అది విషం, నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

బెరైట్ పైపొరను సిద్ధం చేయడం

ఇప్పుడు అసలు పని. దీనికి వరస ముఖ్యం. పీహెచ్, తర్వాత సిలికేట్, తర్వాత కలెక్టరు. వరస తప్పితే డోసు సరిగ్గా ఉన్నా ఫలితం రాదు. కలెక్టరు ముందు వేసి సిలికేట్ తర్వాత వేస్తే, అప్పటికే క్వార్ట్జ్‌నో కాల్సైట్‌నో పట్టుకున్న కలెక్టరును విడిపించడం కష్టం.

పీహెచ్ 9.5 దగ్గరకు తేవాలి. కాస్టిక్ సోడా పలచని ద్రావణం చుక్కలు చుక్కలుగా వేస్తూ, మీటరు నిలకడగా చూపేదాకా ఆగండి. ఐదు నిమిషాల్లో మళ్లీ జారిపోతే ఇంకో చుక్క.

టన్నుకు ఒక కిలో సోడియం సిలికేట్, అంటే 5 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు వేసి ఐదు నిమిషాలు కలపండి. ఇది క్వార్ట్జ్ పైపొరను నీటికి ఇంకా దగ్గర చేస్తుంది, మిగిలిన సన్నమట్టిని విడివిడిగా ఉంచుతుంది. మంచిదే కదా అని ఎక్కువ వేస్తే మాత్రం బెరైట్‌ను కూడా అణిచేస్తుంది. టన్నుకు అర కిలో, ఒకటి, రెండు కిలోలు పెట్టి మూడు పరీక్షలు చేస్తే మీ రాయికి ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది.

ఇక కలెక్టరు. ఆమ్లం చుక్కకు పొంగని రాయైతే సోడియం ఓలియేట్ చాలు. పొంగిన రాయికి ఓలియేట్ వద్దు, అది కాల్సైట్‌నూ అంతే ఇష్టంగా పట్టుకుంటుంది. అలాంటప్పుడు సోడియం డోడెసైల్ సల్ఫేట్ లాంటి ఆల్కైల్ సల్ఫేట్ వాడండి. నీటి కాఠిన్యాన్ని కూడా అది ఓలియేట్ కన్నా బాగా తట్టుకుంటుంది. నురగ మాత్రం విపరీతంగా వస్తుంది, వేరే ఫ్రాథర్ వేయకండి.

ఓలియేట్ 1 శాతం ద్రావణం గోరువెచ్చని నీళ్లలో కలుపుకోండి. చల్లటి నీళ్లలో కరగక ముద్దలు కడుతుంది. మొత్తం 25 మిల్లీలీటర్లు ఒకేసారి పోసేయొద్దు. ముందు 10, మూడు నిమిషాలు కలపడం, నురగ తీయడం. తర్వాత ఇంకో 10, అవసరమైతే చివరి 5. ఒకేసారి ఎక్కువ పోస్తే రేణువు మీద మొదటి పొర పైన రెండో పొర తలకిందులుగా కూర్చుంటుంది. నీటిని ఇష్టపడే తల బయటికి తిరుగుతుంది, రేణువు మళ్లీ నీటికే అతుక్కుపోతుంది. డోసు పెంచితే రికవరీ తగ్గిందని కొందరు టెన్షన్ పడేది ఇక్కడే. అది మీటరు తప్పు కాదు, శాంపిల్ తప్పూ కాదు.

పైపొర మారిందో లేదో కంటితో చూడాలంటే ఓ చిన్న పరీక్ష ఉంది. మేలురకం ముగ్గురాయి ముక్క ఒకటి, తెల్ల క్వార్ట్జ్ ముక్క ఒకటి తీసుకుని ఒక ముఖం నున్నగా సానబట్టండి. ముట్టుకోకుండా చిమటాతో పట్టుకోవాలి, వేలి జిడ్డు చాలు పరీక్ష చెడిపోవడానికి. నీటి చుక్క వేస్తే రెండింటి మీదా పరుచుకుపోవాలి. పరుచుకోకపోతే రాయి ఇంకా శుభ్రంగా లేదు, మళ్లీ సానబట్టండి. ఇప్పుడు రెండింటినీ సెల్లులో వాడే వరసలోనే పీహెచ్ నీళ్లలో, సిలికేట్‌లో, ఓలియేట్‌లో పదేసి నిమిషాలు ఉంచి, అదే పీహెచ్ నీళ్లతో మెల్లగా కడిగి ఆరనివ్వండి. సిరంజితో చిన్న చుక్క వేసి, రాయి మట్టానికి ఫోన్ పెట్టి పక్కనుంచి ఫొటో తీయండి. బెరైట్ మీద చుక్క గుండ్రంగా లేచి నిలబడాలి, క్వార్ట్జ్ మీద పరుచుకుపోవాలి. రెండింటి మీదా నిలబడిందంటే కాల్షియమో ఇనుమో క్వార్ట్జ్‌ను పాడుచేసిందని అర్థం. నీళ్ల మెట్టుకు వెనక్కి వెళ్లండి. అదే ముక్కలను ఓసారి డిస్టిల్డ్ నీళ్లతో, ఓసారి బోరునీళ్లతో చేసి ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నురగ తీయడం, మళ్లీ తేల్చడం

గాలి ఒక్కసారిగా వదలొద్దు. నురగ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు నిలిచాక గీకడం మొదలుపెట్టండి. బాగా కుదిరినప్పుడు బుడగలు తెల్లగా, బరువుగా, పైన పొడి అద్దినట్టు కనిపిస్తాయి. నీళ్లోడుతూ పలచగా ఉన్న నురగలో క్వార్ట్జ్ కూడా ఊరికే కొట్టుకొస్తుంది. అది తేలి వచ్చింది కాదు, నీటితో పాటు వచ్చింది. దాన్ని వదిలించాలంటే తీసిన నురగను మళ్లీ సెల్లులో వేసి, కొత్త మెత్తని నీళ్లు పోసి, పీహెచ్ సరిచూసి, చిటికెడు సిలికేట్‌తో, కలెక్టరు వేయకుండా ఇంకోసారి తేల్చండి. రెండుసార్లు ఇలా చేస్తే చాలు. మూడోసారి నుంచి గ్రేడు పెరిగేదానికన్నా రికవరీ తగ్గేదే ఎక్కువ.

లెక్క

అన్నింటినీ ఆరబెట్టి, తూకం వేసి, గ్రావిటీ తీయండి. ఉదాహరణకు ఇలా వచ్చాయనుకుందాం. సెల్లులోకి వెళ్లింది 500 గ్రాములు, గ్రావిటీ 3.6, అంటే 64 శాతం బెరైట్, 320 గ్రాములు. కాన్సంట్రేట్ 310 గ్రాములు, గ్రావిటీ 4.2, అంటే 90 శాతం, 279 గ్రాములు. రికవరీ 279 బై 320, 87 శాతం. టైలింగ్స్ (తేలకుండా సెల్లులో మిగిలింది) 190 గ్రాముల్లో 41 గ్రాముల బెరైట్ మిగలాలి, అంటే గ్రావిటీ దాదాపు 2.9 రావాలి. టైలింగ్స్ గ్రావిటీ విడిగా కొలిచినప్పుడు 2.9 కాకుండా 3.3 వచ్చిందంటే ఎక్కడో తూకమో శాంపిలో తప్పింది. ఆ పరీక్షను పక్కన పెట్టేసి మళ్లీ చేయండి.

ఒక్కో పరీక్షలో ఒక్కటే మార్చండి. నీళ్లు, పీహెచ్, సిలికేట్ మూడూ ఒకేసారి మార్చి రికవరీ పెరిగిందని సంబరపడితే ఎవరి వల్ల పెరిగిందో ఎప్పటికీ తెలియదు.

గ్రేడు రాలేదా? కాన్సంట్రేట్‌ను భూతద్దం కింద చూడండి. విడిగా క్వార్ట్జ్ రేణువులు కనిపిస్తే పైపొర సమస్య: కాల్షియం, ఇనుము, లేదా సిలికేట్ చాలలేదు. బెరైట్, క్వార్ట్జ్ ఒకే రేణువులో అతుక్కుని ఉంటే పైపొరతో సంబంధం లేదు, ఇంకాస్త నూరాలి. రికవరీ రాలేదా? టైలింగ్స్‌ను 20 మైక్రాన్ల దగ్గర విడదీసి చూడండి. సన్నదాంట్లోనే బెరైట్ ఉంటే ఎక్కువ నూరారు లేదా బురద సరిగ్గా తీయలేదు. ముతకదాంట్లో ఉంటే కలెక్టరు తక్కువ, లేదా కలిపే సమయం తక్కువ. డోసు పెంచాల్సిన సందర్భం నిజంగా ఉందంటే అది ఇదొక్కటే.

తేల్చిన పొడి నుంచి పొర తీసేయడం

కష్టపడి ఎక్కించిన పొరను ఇప్పుడు దించాలి. ఫ్లోటేషన్ చేసిన బెరైట్ పొడి నీళ్లలో కలవదు, పైన తెల్లగా తేలుతుంది. డ్రిల్లింగ్ మడ్డులో (బావి తవ్వేటప్పుడు పోసే బురదనీళ్లలో) వేస్తే కలవకపోగా నురగ కడుతుంది. గ్రావిటీ ఎంత బాగున్నా కొనేవాడు వెనక్కి పంపుతాడు.

మామూలుగా ఆరబెట్టే వేడి దీనికి చాలదు, సేంద్రియ పొర కాలిపోవాలి. మఫుల్ ఫర్నేసులో చిన్న చిన్న మూసల్లో పొడి పెట్టి, 100 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 50 చొప్పున పెంచుతూ, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర అరగంట ఉంచండి. చల్లారాక చిటికెడు తీసి గ్లాసు నీళ్ల మీద చల్లండి. మొదట్లో పైనే పరుచుకుంటుంది. ఒక దశలో చల్లిన వెంటనే మునిగిపోతుంది. మీకు కావాల్సిన వేడి అది, అంతకు మించి డీజిల్ తగలేయడం దండగ.

బెరైట్ స్వతహాగా 1000 డిగ్రీల దగ్గర కూడా చెడదు. కానీ అందులో కార్బన్ మిగిలి ఉంటే కథ వేరు. బొగ్గుతో కలిపి ఆ వేడిలో కాలిస్తే బేరియం సల్ఫైడ్ తయారవుతుంది, బేరియం కెమికల్స్ ఫ్యాక్టరీల్లో కావాలని చేసేది అదే. బెరైట్ నీళ్లలో కరగదు కాబట్టి విషం కాదు, కరిగే బేరియం మాత్రం విషమే. నల్ల నురగను ముందే తీసేయడానికి ఇదొక కారణం, వేడిని అవసరానికి మించి పెంచకపోవడానికి కూడా. పొడితో పనిచేసేటప్పుడు మాస్కు తప్పదు. బెరైట్‌తో కన్నా అందులోని సన్నని క్వార్ట్జ్‌తోనే ఊపిరితిత్తులకు ప్రమాదం.

మన చుట్టుపక్కల వేరే రాళ్లకు

కుప్పం దగ్గర చిగురుగుంటలో బంగారం ఉంది. కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే అక్కడా తవ్వింది, 2001లో కోలారు మూతపడింది. సల్ఫైడులతో కలిసి ఉండే బంగారపు రాయికి పైన చెప్పిన కడగడం, నీళ్ల జాగ్రత్త అలాగే వర్తిస్తాయి. రసాయనాలు మాత్రం మారతాయి. అక్కడ కలెక్టరు క్సాంథేట్. తుప్పు పట్టిన సల్ఫైడులకు ముందుగా కొద్దిగా కాపర్ సల్ఫేట్ వేస్తే రాగి అయాన్లు పైపొరకు అంటి, క్సాంథేట్ పట్టుకోవడానికి చోటిస్తాయి. పీహెచ్ పెంచాల్సి వస్తే అక్కడా సున్నం వద్దు, సోడా యాష్ వాడండి. సున్నం పైరైట్‌నూ, విడి బంగారాన్నీ అణిచేస్తుంది.

గూడూరు మైకా బెల్టు రాయిలో మైకా, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిసి ఉంటాయి. మైకాను ఆమ్ల పీహెచ్‌లో అమీన్ కలెక్టరుతో సులువుగా తేల్చొచ్చు. ఫెల్డ్‌స్పార్‌ను క్వార్ట్జ్ నుంచి విడదీయడానికి పాత పద్ధతిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పైపొరను మారుస్తారు. ఆ ఆమ్లం చర్మం గుండా లోపలికి దిగి ఎముకల దాకా పోతుంది, మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు. ఫ్యూమ్ హుడ్, కాల్షియం గ్లూకోనేట్ జెల్, తర్ఫీదు పొందిన మనిషి, ఈ మూడూ లేని ల్యాబ్‌లో ఆ సీసా మూత తీయొద్దు. మైకా తీసే దాకా మీరు చేసి, ఫెల్డ్‌స్పార్ పరీక్షను సదుపాయాలున్న ల్యాబుకు పంపండి.